కరోనాకి చెక్కుచెదరని ఎయిర్‌పోర్టు మాదొక్కటే

కరోనా టైంలో ప్రపంచంలో విమాన కంపెనీలన్నీ కుదేలయిపోయాయని, 2019లో 450 కోట్ల మంది విమానం ఎక్కితే 2020లో 180 కోట్లకి పడిపోయారని పెద్ద పెద్ద నిపుణులు ఇప్పటికీ టీవీల్లో కూర్చుని తెగ బాధపడిపోతా ఉంటారు. పాపం వాళ్ళలో ఒక్కరు కూడా నెల్లూరు వైపు తొంగిచూడలా. చూసుంటే ఆ ఏడంతా ఒక్క ఫ్లైటు క్యాన్సిల్ చెయ్యని, ఒక్క ప్యాసింజర్‌కి రిఫండ్ బాకీ పడని, ఒక్క పైలట్‌ని కూడా ఉద్యోగంలోంచి పీకని విమానాశ్రయం ఒకటుందని తెలిసుండేది. దాని పేరు దగదర్తి. 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు, తర్వాత గవర్నమెంటు మారింది, కాంట్రాక్టు పోయింది, చోటు మారుద్దామన్నారు, మళ్ళీ గవర్నమెంటు మారింది, కాదు ఇక్కడే కడతామన్నారు, ఇన్ని మారినా మారంది విమానాల లెక్క ఒక్కటే. కరోనాకి ముందు సున్నా, కరోనాలో సున్నా, కరోనా పోయాక సున్నా. ఇంత నిలకడ సింగపూర్‌కి ఉందా, దుబాయ్‌కి ఉందా?

ప్రకాశం వైపు వాళ్ళు మమ్మల్ని మించిపోయారు, ఆ మాట ఒప్పుకోవాల. దొనకొండలో బ్రిటిషోళ్ళ కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 2014లో రాజధాని ఇక్కడే అని పుకారు లేస్తే చుట్టుపక్కల భూముల రేట్లు మాత్రం ఎగిరాయి, అక్కడ ఆమాత్రం ఎగిరింది అదొక్కటే అనుకుంటా. ఇక కొరిశపాడు దగ్గర హైవే మీద ఎమర్జెన్సీ రన్‌వే కట్టి, 2022 డిసెంబర్‌లో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు ట్రయల్ రన్ పెట్టారు, జనమంతా చూడ్డానికి ఎగబడ్డారు. విమానాలు రయ్యిమని కిందికి వచ్చాయి, రన్‌వేని తాకకుండానే మళ్ళీ పైకెళ్ళిపోయాయి. భౌతిక దూరం అంటే అదీ.

మనకి లేని కష్టాలు మిగతా దేశం ఎట్టా పడిందో చూడండి. 2020 మార్చి 25 నుంచి రెండు నెలలు డొమెస్టిక్ విమానాలు మొత్తం బంద్. ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు రేటు సున్నా కంటే కిందికి పోయింది, అంటే ఎవరైనా వచ్చి పట్టుకుపోతే ఎదురు డబ్బులిస్తాం అనే పరిస్థితి. మనదేశంలో విమాన కంపెనీలు జీవితమంతా ఏడ్చేదే ఇంధనం ఖర్చు గురించి. తీరా అది చౌకగా దొరికిన రోజున విమానాలన్నీ నేలమీద కూర్చోనున్నాయి. ఎగరకపోతే మాత్రం ఖర్చు తప్పుద్దా? లీజు అద్దె నెలనెలా కట్టాల, పార్కింగ్ కట్టాల, టైర్లు ఒకేచోట ఒత్తుకుపోకుండా అప్పుడప్పుడు తిప్పాల, వేగం కొలిచే గొట్టాల్లో పురుగులు గూళ్ళు పెట్టకుండా మూతలెయ్యాల. కాలిఫోర్నియా ఎడారిలో ఆపిన ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ పెద్ద విమానాల చక్రాల్లో పాములు చేరితే ఇంజనీర్లు చీపురుకర్ర పట్టుకుని టైర్ల మీద కొట్టి తరిమేవాళ్ళంట. వందల కోట్ల విమానం, దానికి కాపలా చీపురుకర్ర. ఆ పని మా వరి కయ్యల్లో వాళ్ళకి అప్పజెప్పుంటే కర్ర కూడా లేకుండా చేసేవాళ్ళు.

మే 25న మళ్ళీ మొదలుపెట్టారు, మన రాష్ట్రంలో ఒకరోజు ఆలస్యంగా 26న. అక్కడి నుంచి అసలు సైన్సు మొదలయింది. మధ్య సీటు ఖాళీ ఉంచాలా వద్దా అని సుప్రీంకోర్టు దాకా పోయింది పంచాయితీ, కంపెనీల ఆరోగ్యం కంటే జనం ఆరోగ్యం చూడండయ్యా అని కోర్టు మందలిచ్చింది. ఆఖరికి విమానాలకి రూల్స్ పెట్టే డీజీసీఏ వాళ్ళు ఏం తేల్చారయ్యా అంటే, వీలైనంత వరకు మధ్య సీటు ఖాళీగా ఉంచండి, కుదరకపోతే అందులో కూర్చున్నోడికి ఒంటి నిండా గౌను కప్పండి అని. అంటే ఒక వరసలో ముగ్గురు కూర్చుంటే నడిమాయన పల్చటి గౌను, మాస్కు, దానిమీద ప్లాస్టిక్ షీల్డు తగిలించుకుని ఆపరేషన్‌కి పోతున్న డాక్టర్ లెక్కన కూర్చోవాల, అటు కిటికీ సీటాయన ఇటు దారి సీటాయన మామూలు చొక్కాలతో ఆయన్ని బిక్కుబిక్కుమని చూస్తా ఉండాల, షీల్డు మీద ఆవిరి పట్టి నడిమాయనకి వీళ్ళిద్దరూ కనిపించరు, అదొక్కటే ఆయనకి సుఖం. వైరస్‌కి సీటు నంబర్లు చదవడం వచ్చని అప్పుడే తెలిసింది మాకు.

దానికి గడియారం చూడ్డం కూడా వచ్చు. 2021 ఏప్రిల్‌లో రూలు పెట్టారు, రెండు గంటల లోపు ప్రయాణమైతే విమానంలో తిండి పెట్టకూడదు, రెండు గంటలు దాటితే పెట్టొచ్చు. అంటే గంటా యాభై నిమిషాల ఉప్మాలో కరోనా ఉంటుంది, రెండుంబావు గంటల ఉప్మాలో ఉండదు.

టికెట్ రేట్లకి కూడా అప్పట్లో గవర్నమెంటు పైన ఒక గీత, కింద ఒక గీత గీసింది. ఢిల్లీ నుంచి ముంబైకి 10,000 కంటే ఎక్కువ తీసుకోకూడదు, 3,500 కంటే తక్కువకీ అమ్మకూడదు. పై గీత సరే, జనం కోసం. తక్కువకి అమ్మితే తప్పు అనే రూలు మాత్రం మా ట్రంకు రోడ్డు బట్టల కొట్లవాళ్ళకి వినపడకుండా చూడండి, ఆషాఢం సేల్ ఎత్తేస్తారు.

అసలు కళంతా రిఫండ్‌లో చూపించారు. ఫ్లైటు వాళ్ళే క్యాన్సిల్ చేశారు, డబ్బులు అడిగితే క్రెడిట్ షెల్ అన్నారు, అంటే మీ డబ్బు మా దగ్గరే ఉంటుంది, మళ్ళీ మా విమానమే ఎక్కి కరగబెట్టుకోండి అని. మా బావమరిది ఢిల్లీ టికెట్ డబ్బుల కోసం ఒక కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కాల్ మాకు చాలా ముఖ్యం అని చెప్పి భోజనం టైం దాకా పాట వినిపించారు, వాడు అన్నం కలుపుకుంటా స్పీకర్ ఆన్‌లో పెట్టి, వాళ్ళావిడతో 'ఉండే, మాట్లాడతారు ఇప్పుడు' అంటానే ఉన్నాడు. 2020 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుంది. లాక్‌డౌన్‌లో బుక్ చేసిన వాటికి డబ్బు వెనక్కి ఇవ్వమంది, అంతకుముందు బుక్ చేసిన వాటికి, చేతిలో డబ్బులేని కంపెనీ అయితే క్రెడిట్ షెల్ ఇచ్చుకోవచ్చు గానీ జూన్ దాకా నెలకి అర శాతం, తర్వాత ముప్పావు శాతం కలిపి ఇవ్వమంది. నెల్లూరు లెక్కలో అది అర్ధ రూపాయి వడ్డీ, ఆపైన ముప్పావలా వడ్డీ. ఇక్కడ రెండు రూపాయలకి తక్కువైతే నోటు రాయించుకోడానికి కూడా ఎవడూ కూర్చోడు, అట్టాంటిది కోట్ల మంది దగ్గర ప్రామిసరీ నోటు లేకుండా, సాక్షి సంతకం లేకుండా, అసలు అడక్కుండానే అప్పు పుట్టించారంటే వాళ్ళు విమానాలు నడపాల్సినోళ్ళు కాదు, మా ఊరొచ్చి ఫైనాన్సు పెట్టాల్సినోళ్ళు.

కువైట్‌లో ఇరుక్కుపోయిన మా వైపు వాళ్ళ గురించి మాత్రం నేను జోకు వెయ్యలేను. పని పోయి, జీతం ఆగి, మే 7న బయటి దేశాల్లో ఇరుక్కున్నోళ్ళని తెచ్చే వందే భారత్ విమానాలు మొదలైనా లిస్టులో పేరు ఎప్పుడొస్తుందా అని ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో ఏమో క్వాంటాస్ వాళ్ళు సిడ్నీలో ఎక్కి ఏడు గంటలు గాల్లో తిరిగి మళ్ళీ సిడ్నీలోనే దిగే విమానం పెడితే టికెట్లు పది నిమిషాల్లో అయిపోయాయి. ఇల్లు చేరాల్సినోళ్ళకి విమానం లేదు, ఎక్కడికీ పోనోళ్ళకి ఉంది.

మాకు చెన్నై ఉంది కదా అంటారు. ఉంది, తడ దాటితే పక్క రాష్ట్రం, ఆ రోజుల్లో ఈ-పాస్ కావాల. చెన్నై నుంచి ఢిల్లీకి మూడు గంటల్లోపే, తడ నుంచి అవతలి గట్టుకి ఎన్ని రోజులో దేవుడికే తెలియాల. ఇంకా తమాషా ఏంటంటే అదే సూళ్లూరుపేట పక్కన, అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2020 నవంబర్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి రెండు రాకెట్లు గమ్మున పైకెళ్ళాయి. మా జిల్లా నుంచి అంతరిక్షానికి సర్వీసుండింది, హైదరాబాద్‌కి లేదు.

అయినా ఎయిర్‌పోర్టు ఉండుంటే బాగుపడే ఛాన్సు మాకు ఒకే ఒక్కసారి వచ్చింది, 2021 మేలో. కృష్ణపట్నం ఆనందయ్య మందు కోసం కార్లు, అంబులెన్సులు వరసకట్టి పక్క రాష్ట్రాల నుంచి కూడా జనం వచ్చిపడ్డారు. ప్రపంచమంతా ప్రయాణికులు లేక ఏడుస్తుంటే మా వైపు వద్దన్నా వస్తున్నారు, దిగడానికే చోటు లేదు. ఆ మందు పనిచేసిందా లేదా అన్న చర్చ మా ఇంట్లో ఇంకా అవ్వలేదు గాబట్టి దాని జోలికి పోను.

ఇక మిగిలింది రొట్టెల పండగే. 2020లో అది కూడా కరోనా వల్ల జరగలా గానీ ఇప్పుడు జరుగుతోంది కదా. స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె అన్నీ దొరుకుతాయి, ఎయిర్‌పోర్టు రొట్టె మాత్రం దొరకదు, ఎందుకంటే కోరిక తీరినోళ్ళే రొట్టె తెచ్చి ఇవ్వాల, మా జిల్లాలో ఎవరికి తీరిందని ఇస్తారు? కర్నూలోళ్ళకి తీరింది. వాళ్ళ ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు సరిగ్గా కరోనా మధ్యలో, 2021 మార్చిలో మొదలయింది. అందుకని కర్నూలు అన్నలకి మనవి, ఈసారి వచ్చేటప్పుడు రొట్టెలు రెండు తెండి. ఒకటి మాకు, ఇంకోటి ఒంగోలోళ్ళకి. వాళ్ళకి కొత్తపట్నం దగ్గర ఎయిర్‌పోర్టు అని చెప్పున్నారు, అది దగదర్తి కంటే ఇంకా ఆరోగ్యంగా ఉందంట.