మంచి ఎండింగ్ ఏది మామా?

మే నెల. మధ్యాహ్నం రెండున్నర. నల్లగొండలో బయట 44 డిగ్రీలు. రామగిరిలోని మా ఇంటి ముందు గదిలో కూలర్ మోత మధ్య కూర్చుని మా అక్క కొడుకు మంచుముద్దలు విసురుతున్నాడు.

ఆడుకుంటున్నాడు అనుకునేరు. కాదు, పరీక్ష రాస్తున్నాడు.

లాప్‌టాప్‌లో ఆడే ఆ వీడియో గేమ్ పేరు ది విచర్ 3. పోలండ్ వాళ్లు 2015లో వదిలారు. తెల్లజుట్టు గెరాల్ట్ ఊరూరా తిరిగి రాక్షసులను చంపి కూలి తీసుకుంటాడు, మధ్యలో తను పెంచిన పిల్ల సిరిని వెతుక్కుంటాడు. మొత్తం 36 ఎండింగులని ఆట రాకముందే గొప్పగా చెప్పుకున్నారు. అందులో పెద్దవి మూడు. సిరి కూడా గెరాల్ట్‌లాగే వేటకు దిగుతుంది, లేదా మహారాణి అవుతుంది, లేదా తిరిగిరాదు. ఏది వస్తుందన్నది ఆ పిల్లతో మనం నడుచుకున్న నాలుగైదు సందర్భాలను బట్టి ఉంటుంది. ఏ సందర్భానికి ఎంత బరువుందో ఆట ఎక్కడా చెప్పదు. రాసినవాళ్లు మజా అంతా అక్కడే దాచారు. మా వాడికి మాత్రం అది సిలబస్ ఇవ్వకుండా పరీక్ష పెట్టడం.

అందుకే పక్కన రెండో ఫోన్ పెట్టుకున్నాడు. అందులో గైడ్. గైడ్‌లో పట్టిక. పట్టికలో ఏ మాటకు మార్కు పడుతుందో, ఏ మాటకు పోతుందో రాసి ఉంది. వాడు 'కొత్త ఆట' అన్న బటన్ నొక్కకముందే నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మామా, ఇందులో మంచి ఎండింగ్ ఏది?" పెళ్లిచూపులకు పోయి పిల్ల పేరు అడగకుండా విడాకుల భరణం ఎంతని అడిగినట్టుంది.

మంచు దగ్గరికి వద్దాం. ఆ సన్నివేశానికి ముందు కోటలో పెద్ద యుద్ధం జరిగి, వీళ్లందరికీ తండ్రిలాంటి ముసలి గురువు చనిపోతాడు. సిరి కుంగిపోయి కూర్చుంటుంది. గెరాల్ట్‌కు ఆట రెండు జవాబులిస్తుంది. ఒకటి, నీ మనసు తేలికయ్యే ఉపాయం నా దగ్గర ఉంది అన్నట్టు. రెండోది, పోనీలే, అన్నింట్లో నువ్వే గొప్పగా ఉండాలని లేదు కదా అన్నట్టు. మొదటిది నొక్కితే ఇద్దరూ బయటికి పోయి మంచుముద్దలతో కొట్టుకుంటారు, మార్కు పడుతుంది. రెండోది నొక్కితే కూర్చుని మందు తాగుతారు, మార్కు పోతుంది.

"అన్నింట్లో నువ్వే గొప్పగా ఉండాలని లేదు బిడ్డా." ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మన జిల్లాలో ఏ తండ్రి అయినా ఈ మాట అన్నాడా? నేనైతే వినలేదు. ప్రపంచం మొత్తంలో ఆ మాట అనగలిగిన తండ్రి ఒక్కడు దొరికితే, వాడికీ మార్కులు కోశారు. పోలండ్‌లో కూడా మన కార్పొరేట్ కాలేజీల బ్రాంచి ఉందేమో కనుక్కోవాలి.

సరే, మా వాడు గైడ్ ప్రకారం మొదటిది నొక్కాడు. తెర మీద సిరి నవ్వుతోంది. ముద్ద తగలబోతుంటే మాయమై ఇంకో చోట తేలుతోంది, తొండాట. చచ్చిపోయిన గురువు కోసం ఏడవలేక ఇద్దరు మనుషులు మంచులో పిల్లల్లా దొర్లుతున్నారు. ఇన్నేళ్లలో నేను చూసిన ఆటల్లో ఇంత మెత్తటి ఘట్టం ఇంకోటి లేదు. మా వాడి మొహం ఓఎంఆర్ షీటులో సున్నాలు నింపుతున్నవాడి మొహం. ఒక ముద్ద విసిరి, ఆటను పాజ్ చేసి, ఫోన్ చూసి, ఊపిరి వదిలాడు.

"మామా, మంచుల ఓడిపోయినా ఏం కాదట. మార్కు పడ్తదట."

"మంచిదిరా. నెగెటివ్ మార్కులు లేవు కద?"

"ఇందుల లేవు మామా," అన్నాడు. ఎగతాళి అని వాడికి తట్టలేదు.

అప్పుడు మా చిన్నాయన వచ్చి నవారు మంచం మీద కూర్చున్నాడు. మర్రిగూడ దగ్గర పల్లె ఆయనది. దవాఖానలో చూపించుకోవడానికి వచ్చి వారం నుంచి మా ఇంట్లోనే ఉన్నాడు. కాసేపు లాప్‌టాప్ వైపు చూశాడు.

"గీ ముసలోడెవడురా?"

"ముసలోడు కాదు తాతా, హీరో."

"ఎంటికలు తెల్లగున్నయ్ గద." ఇంకాసేపు చూశాడు. "ముసలోడైనా మెడ మంచిగ తిరుగుతుంది."

చాయ్ వచ్చింది, తాగాం.

ఒక్క మా వాడినే అనడం అన్యాయం. ఈ వీడియో గేముల జాతి మొత్తం ఇంతే. కంపెనీ మూడు ఎండింగులు పెడితే "ఇంతేనా" అంటారు. బాల్డర్స్ గేట్ 3 వాళ్లు ఆ బాధ పడలేక ముగింపులో 17,000 తేడాలున్నాయని ప్రకటించారు. జనం ఏం చేశారు? 17,000లో మంచిది ఏదని అడిగారు. నియర్ ఆటోమటాలో ఇంగ్లిష్ అక్షరాలన్నింటికీ తలా ఒకటి చొప్పున 26 ఎండింగులు. ఒకదాంట్లో హీరో చేప తిని చచ్చిపోతాడు, అంతే, పేర్లు పడతాయి. దానికి కూడా గైడ్ చూసి, చేప ఎక్కడ దొరుకుతుందో తెలుసుకుని, తిని, చచ్చి, టిక్కు పెట్టుకుంటారు. అండర్‌టేల్ అనే చిన్న ఆట ఇంకో అడుగు ముందుకేసింది. అందరినీ చంపి, తర్వాత మొదటి నుంచి మంచివాడిలా ఆడితే, నువ్వు చేసింది నాకు గుర్తుందంటుంది. చివరి సుఖాంతం కూడా చెడగొడుతుంది. ఆటగాళ్లు సిగ్గుపడ్డారా? ఆ జ్ఞాపకం కంప్యూటర్‌లో ఏ ఫైల్‌లో ఉందో వెతికి డిలీట్ చేశారు. భూమి రికార్డులు దిద్దినవాళ్ల తెలివి దేశదేశాలకు పాకిందని గర్వపడాలి.

విచర్‌లోనే ఇంకో కథ ఉంది. తాగుబోతు ఊరిపెద్ద ఒకడు పెళ్లాన్ని కొట్టి కొట్టి పోగొట్టుకుంటాడు. అడవిలో చెట్టు కింద బందీగా ఉన్న దయ్యాన్ని విడిచిపెడితే అనాథ పిల్లలు బతుకుతారు, కాని ఆ పెళ్లాం శాపం తగిలి చచ్చిపోతుంది, ఊరిపెద్ద ఉరేసుకుంటాడు. దయ్యాన్ని చంపితే ఆ ఇద్దరూ మిగులుతారు, ఆమెకు మతి ఉండదు. పిల్లలు మిగలరు. తలుపు లేని గది అది, కావాలనే కట్టారు. అక్కడ కాసేపు ఊపిరాడకపోవాలని. మా వాడు అక్కడ కూడా ఆపి అడిగాడు, "మంచిది ఏది మామా?"

"నువ్వే ఆలోచించు," అన్నాను.

"ఆలోచించేంత టైం లేదు మామా. చాలా పెద్ద గేమ్."

తర్వాత ఫోన్‌లో చూసి, ఎటైనా పాయింట్లలో పెద్ద తేడా లేదని తేల్చుకుని, పిల్లలను బతికించాడు. ఊరిపెద్ద ఉరికి వేలాడుతుంటే మా వాడు సమోసా తిన్నాడు.

ఎండింగ్ నచ్చకపోతే ఈ జాతి ఏం చేస్తుందో చెప్పాలంటే 2012 మార్చికి పోవాలి. మాస్ ఎఫెక్ట్ 3 వచ్చింది. 2007 నుంచి మూడు ఆటలుగా నడిచిన కథ. ప్రతి మాటా చివర్లో లెక్కకొస్తుందని నమ్మబలికారు. తీరా చివరికి మూడు దారులు చూపించారు. ఎర్ర పేలుడు, నీలి పేలుడు, పచ్చ పేలుడు. రంగు తప్ప వీడియో దాదాపు ఒకటే. ఏ రంగు నొక్కినా ఒకే సినిమా అంటే నల్లగొండవాడికి అంత షాకేమీ లేదు, ప్రతి ఐదేళ్లకూ చూస్తున్నదే. కాని అమెరికావాళ్లకు కొత్త కదా, భగ్గుమన్నారు. వినియోగదారులను మోసం చేశారని ఒకాయన అక్కడి ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు పెట్టాడు. అభిమానులు చందాలేసుకుని కెనడాలోని ఆ కంపెనీ ఆఫీసుకు 402 కప్‌కేకులు పంపారు. ఎర్రవి, నీలివి, పచ్చవి. ఏది కొరికినా రుచి ఒకటే. నిరసన అంటే అట్ల ఉండాలె. నేను కూడా అప్పట్లో మూడు పేజీల ఉత్తరం రాసి, పంపకుండా ఉంచుకున్నాను.

ఫలితం? జూన్ 26కల్లా ఎక్స్‌టెండెడ్ కట్ వచ్చింది. ఉచితంగా. ముగింపును పొడిగించి, విడమరిచి, తోడుగా నాలుగో దారి కూడా పెట్టారు. ఆ మూడూ నాకొద్దు అంటే అందరూ చస్తారు. అడిగినోళ్లకు అడిగినంత. నాలుగు నెలలు కూడా పట్టలేదు.

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోతుంది.

ఎందుకంటే మేమూ ఒకసారి ఎండింగ్ మార్చమని అడిగాం. 1996లో. నల్లగొండ లోక్‌సభ ఎన్నిక. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతున్నాయి, కృష్ణా నీళ్లు ఇవ్వండని ఏళ్ల తరబడి మొత్తుకున్నా ఎవరికీ వినపడకపోతే, జనం నామినేషన్లు వేశారు. ఒక్క నియోజకవర్గానికి 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికనే వాయిదా వేయాల్సి వచ్చింది. 17,000 ఎండింగుల ఆట గురించి మాట్లాడేవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి, చేతిలో ముద్ర పట్టుకున్న ముసలమ్మ ముందు 480 గుర్తులు. ఏ గైడ్ చెప్తుంది ఆమెకు, ఏది నొక్కితే నీళ్లొస్తాయో?

కెనడా కంపెనీ కప్‌కేకులకు నాలుగు నెలల్లో జవాబిచ్చింది. మాకు కూడా జవాబు తొందరగానే వచ్చింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు. నీళ్లు అడిగితే నీళ్లివ్వలేదు. అడగడానికి టికెట్ రేటు పెంచారు. ఇంత నీతిమాలిన ప్యాచ్‌ను, అంటే దిద్దుబాటును, ఏ ఆటల కంపెనీ అయినా వదిలి ఉంటే ఆఫీసు తగలబడేది. మనం చదువుకుని, మడతపెట్టి, పక్కన పెట్టాం.

శ్రీశైలం నుంచి మాకు నీళ్లు తేవాల్సిన సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. నా జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలింది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పనికి వచ్చిన ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కడూ ప్రాణంతో బయటికి రాలేదు. మా నీళ్ల కోసం, మా జిల్లా పేరు కూడా సరిగా తెలియని ఎనిమిది మంది. దీనికి ఏ రంగు బటన్ నొక్కాలి? ఏ సేవ్ ఫైల్‌కు పోవాలి?

మధ్యలో నల్లా నీళ్లు వచ్చాయి, కాదనను. చిన్నపిల్లలకు ఇప్పుడు ఆ నీళ్లే. మా చిన్నాయనకు మాత్రం ఆ ఎక్స్‌టెండెడ్ కట్ అందే సరికి మెడ బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. వెన్ను చూసిన డాక్టర్లందరూ ఒకే మాట చెప్పారు, నొప్పికి మందులున్నాయి, ఎముకను వెనక్కి తెచ్చే మందు లేదు.

ఇక మా వాడి సంగతి. ఆరో రోజు రాత్రి ఆట అయిపోయింది. చూస్తే మొహం మాడిపోయి ఉంది, ఒక్క మార్కులో సీటు పోయినవాడి మొహం. సిరి బతికింది. బతకడమే కాదు, మహారాణి అయింది. మధ్యలో ఎక్కడో ఆమెను చక్రవర్తి దగ్గరికి, అంటే కన్నతండ్రి దగ్గరికి, తీసుకుపోయాడట. గైడ్‌లో ఆ ఒక్క లైను చూసుకోలేదట. ముందెప్పుడో ఆటను దాచిపెట్టుకున్న పాత సేవ్ తెరిచాడు. ఎన్నో గంటల ఆట వెనక్కి పోవాలి.

మంచం మీంచి చిన్నాయన అడిగాడు. "అయిపోయిందారా?"

"అయిపోయింది తాతా. మల్ల ఆడుతున్న."

"ఏమైంది? పిల్ల సచ్చిపోయిందా?"

"లేదు తాతా. రాణి అయింది."

"రాణి అయితే ఏం తక్కువైందిరా?"

"తక్కువేం కాలే. ఇంకోటి బెస్ట్ అని ఉంది."

చిన్నాయన నా వైపు చూద్దామనుకున్నాడు. రెండు చేతులూ పట్టె మీద ఆనించి, కాళ్లు జరిపి, నడుము కదిపి, ఒళ్లంతా మెల్లగా తిప్పుకుని నా మొహం చూసే సరికి చాలాసేపు పట్టింది. తెర మీద అప్పటికీ లోడింగ్ గుర్తు గుండ్రంగా తిరుగుతూనే ఉంది.