క్యూ... ఆరు!

పోయిన సోమవారం మా చిన్నమ్మను తీసుకుని సర్కారు ఆసుపత్రికి వెళ్ళాను. ఏ ఊరి ఆసుపత్రి అని అడక్కండి. చిత్తూరుకూ తిరుపతికీ నడుమ మీకు తెలిసిన ఏదో ఒక ఆసుపత్రి అనుకోండి, కథలో ఒక్క అక్షరం కూడా మార్చే పని పడదు.

గేటు దాటగానే గోడ మీద నిలువెత్తు ఫ్లెక్సీ. "ఇక క్యూలో నిలబడే పని లేదు! క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, టోకెన్ పొందండి." అందులో ఒక డాక్టరమ్మ నవ్వుతూ ఉంది, ఆమె ఎదురుగా పేషెంటు కూడా నవ్వుతూ ఉన్నాడు. (సర్కారు ఆసుపత్రిలో నవ్వే పేషెంటును నేను ఫ్లెక్సీల్లోనే చూశాను.) ఆ ఫ్లెక్సీ ముందు ఓ నలభై మంది క్యూలో ఉన్నారు. ఎందుకయ్యా అంటే, స్కాన్ చేయడానికి.

ఇది చూసి ఎగతాళి చేసేవాళ్ళుంటారు. నేను ఆ రకం కాదు. కాసేపు నిలబడి ఆలోచిస్తే విషయం బోధపడింది. క్యూఆర్ అనే మాటను ఇన్నాళ్ళూ మనం ఇంగ్లీషు అనుకుని చదువుతున్నాం. అది అచ్చ తెలుగు లెక్క. క్యూ, ఆరు. ఆరు క్యూలు. ఫ్లెక్సీ అబద్ధం చెప్పలేదు, మనకే చదవడం రాలేదు. ఆ రోజు పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా నేనే వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. సరిగ్గా ఆరే.

"ఏం నాయనా, ఈడ గూడా దర్శనం టికెట్టా?" అంది చిన్నమ్మ.

మొదటి క్యూ సంగతి చెప్పాను. దాన్ని దాటి గోడ దగ్గరికి చేరేసరికి ఎండ సరిగ్గా కోడ్ మీద పడుతోంది. నా ఫోను ఆ నల్లచుక్కలను ఎంత చూసినా పోల్చుకోలేకపోయింది. వెనకాల ఉన్నాయన తన తువ్వాలు విప్పి నీడ పట్టాడు. ఈ తువ్వాలు లేనిదే దేశంలో డిజిటల్ ఆరోగ్యం ఒక్క అడుగు ముందుకు పడదని ఆయనకు తెలియదు పాపం. తీరా స్కాన్ అయ్యాక చిన్నమ్మకు ఆభా నంబరు (సర్కారు ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) ఉందా అని అడిగింది. లేదు. అయితే టేబులు దగ్గరికి పోండి.

టేబులు దగ్గర రెండో క్యూ. మెడలో ట్యాగు వేసుకున్న ఒక పిల్లోడు కూర్చుని ఉన్నాడు, ఇంటర్ దాటినట్టు లేడు. విప్లవం మొత్తం వాడి పగిలిన స్క్రీను మీద నిలబడి ఉంది. ఈ స్కాన్ పద్ధతి 2022లో ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో మొదలైంది. చేతిలో స్మార్ట్ ఫోను, అందులో పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఉన్నవాడికి నిజంగానే పని తొందరగా అవుతుంది, కాదనను. మా చిన్నమ్మ చేతిలో ఉన్నది బటన్ ఫోను. ఆధార్‌కు కట్టిన నంబరు బెంగళూరులో ఉన్న కొడుకుది. వాడు నైట్ డ్యూటీ చేసి అప్పుడే పడుకున్నాడు.

"రే చిన్నోడా, నీ ఫోనుకు ఏందో నంబరు వచ్చిందంట, చెప్పరా."

"అమ్మా, ఓటీపీ ఎవురడిగినా చెప్పగూడదు. నీకు ఎన్నిసార్లు చెప్పినా?"

"నేను మీ అమ్మనురా."

"నువ్వు మా అమ్మవే. నీ పక్కన ఎవురుండారు?"

"మీ అన్న ఉండాడు."

"అన్నకు నా ఓటీపీ ఎందుకు?"

ఈ లోపల ఓటీపీకి ఆయుష్షు తీరింది. మళ్ళీ పంపారు. చిన్నోడు ఈసారి కరిగి పాత నంబరు చెప్పాడు. మళ్ళీ పంపారు. ఈసారి కొత్తదే చెప్పాడు కానీ, సర్వర్ పడుకుంది. దానిది కూడా నైట్ డ్యూటీ అయివుంటుంది. నాలుగోసారికి అందరి నక్షత్రాలూ కలిసి చిన్నమ్మకు పద్నాలుగు అంకెలు పుట్టాయి. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "వీడు పుట్టేకి గూడా ఇంతసేపు పట్టలా. అప్పుడు మంత్రసాని ఒక్కతే ఉండె," అంది.

టోకెన్ నంబరు 147 ఫోనులో పచ్చగా మెరుస్తూ వచ్చింది. దాన్ని పట్టుకుని కౌంటరు క్యూలో నిలబడ్డాం. లోపలి సారు ఫోను వైపు కన్నెత్తి చూడలేదు. "ఇది కాదప్పా, చీటీ కావాల." చీటీ ప్రింటరు ఇవ్వాలి. ప్రింటరులో కాగితం రోలు అయిపోయింది. సారు ఒక పాత ఫారం తీసుకుని, వెనక వైపు పెన్నుతో 147 అని రాసి, దాని చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టాడు. ఆ రోజు ఆ ఆవరణలో ఒక్క తప్పు లేకుండా, కరెంటు లేకుండా, ఒక్క క్షణంలో నడిచిన టెక్నాలజీ ఆ పెన్ను ఒక్కటే.

క్యూలంటే తిరుపతి పక్కనున్న మాకు భయమా? వైకుంఠం కాంప్లెక్సులో గంటలకు గంటలు కూర్చున్న జనం మేము. అక్కడ కంపార్టుమెంటులో పాలిస్తారు, ఉప్మా పెడతారు, ఎంత ఆలస్యమైనా చివరికి అరక్షణం స్వామి కనిపిస్తాడు. (టోకెన్ అనే మాట ఎంత బరువైనదో, దర్శనం టోకెన్ల కోసం తొక్కిసలాట జరిగిన తిరుపతి బైరాగిపట్టెడ వాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ సంగతి ఇక్కడ వద్దు.) ఇక్కడ షుగర్ రోగి పరగడుపున వచ్చి పన్నెండింటికి కళ్ళు తిరిగి కూర్చుంటే, మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో చూపించే కోడ్ ఒక్కటీ గోడ మీద లేదు.

నాలుగో క్యూ బీపీ, షుగర్ చూసే సిస్టర్ దగ్గర. ఆమె గురించి తర్వాత చెబుతాను, అక్కడ నాకు నవ్వు రాలేదు. ఐదోది డాక్టరు గారిది. లోపలికి పోగానే "చీటీ యాడ?" అన్నారు. ఫారం వెనకున్న 147 ఇచ్చాను. ఆభా, టోకెన్, స్కాన్ ఏదీ ఆయన అడగలేదు. బయట ఇంకా వంద మంది ఉన్నారు మరి. ఆరోది మందుల క్యూ. అక్కడ ఫార్మసీ అమ్మాయి మాత్రలు లెక్కపెట్టి ఇచ్చి, "పది దినాలకే ఉండాయమ్మా. అయిపోయినాక మళ్ళా రా," అంది.

గుర్తుపెట్టుకోండి. పది దినాలకు.

మందుల కిటికీ పక్కన, గోడ వారగా, మనిషెత్తు మిషన్ ఒకటి ఉంది. హెల్త్ ఏటీఎం అంటారట. ఎక్కి నిలబడితే బరువు, ఎత్తు, బీపీ అన్నీ చెప్పేస్తుందని పక్కన బోర్డు. దానికి పైనుంచి కింది దాకా ముసుగు కప్పి తాడు కట్టారు. ముసుగు మీద ఎండిన బంతిపూల దండ. కింద కుంకుమ, కోసిన నిమ్మకాయ. ఆయుధపూజకు మాత్రం తప్పకుండా పూజ చేస్తారని వాచ్‌మన్ చెప్పాడు. అప్పుడు నాకు మన భాష గొప్పతనం తెలిసింది. ఇతర భాషల వాళ్ళకు కొత్తది కనిపెట్టడానికి ఒక మాట, ముసుగు తొలగించడానికి ఇంకో మాట కావాలి. మనకు రెండింటికీ ఒకటే, ఆవిష్కరణ. విగ్రహానికీ అదే, మిషనుకూ అదే. అందుకే మన దగ్గర ఏ ఆవిష్కరణ అయినా ఒక్క పూటలో పూర్తవుతుంది. పెద్దవాళ్ళు వచ్చి ముసుగు తీస్తారు, చప్పట్లు పడతాయి, కార్లు పోతాయి, దుమ్ము పడకుండా మళ్ళీ ముసుగు కప్పుతారు. ఇందులో లోపమేముంది?

ఇంకో మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది, స్కేలప్. ఒక చోట బాగా జరిగిన పనిని జిల్లా అంతా, రాష్ట్రమంతా చేయడమట. ఆ మాట వింటే నాకు చిన్నప్పుడు మా అయ్యవారి చేతిలోని చెక్క స్కేలు గుర్తొస్తుంది. పైకి లేచేటప్పుడు చూడముచ్చటగా లేస్తుంది. దిగేది మన అరచేతి మీద.

స్కేలప్‌కు ముందు పైలట్ ఉండాలి, అంటే ముందుగా ఒక్క చోట చేసి చూడడం. మా చిత్తూరు జిల్లాలో పైలట్ అంటే విమానం తోలేవాడు కాదు, కుప్పం. 1990లలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యానికి కుప్పం. 2002లో హెచ్‌పీ కంపెనీ మూడేళ్ళ పథకంగా ‘ఐ-కమ్యూనిటీ’ పెట్టినప్పుడూ కుప్పమే. పల్లెల్లో ఆడవాళ్ళకు కెమెరాలు, సోలార్‌తో నడిచే ప్రింటర్లు ఇచ్చి ఫోటోగ్రాఫర్లను చేశారు. మంచి పనే. పక్క మండలాల వాళ్ళు ఆ ప్రింటర్లు తమ ఊరికీ వస్తాయని ఎదురుచూస్తూ ముసలివాళ్ళయ్యారు. 2025 జులైలో టాటా వాళ్ళతో కలిసి, రోగుల రికార్డులనూ డాక్టర్లనూ ఆన్‌లైన్‌లో కలిపే డిజిటల్ నెర్వ్ సెంటర్ తెరిచారు, అదీ కుప్పం ఆసుపత్రిలోనే. అది పసిగుడ్డు, నడక వచ్చేదాకా ఏమీ అనను. మిగతా జిల్లాకు జబ్బు ముదిరితే ఎప్పటిలాగే తమిళనాడులోని రాయవేలూరు ఆసుపత్రికి బస్సు ఉండనే ఉంది.

మన దగ్గర నిజంగా స్కేలప్ అయినవి లేవా అంటే, ఎందుకు లేవు? పేర్లు. 2007లో మొదలైన పథకం రాజీవ్ ఆరోగ్యశ్రీ, తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఈ పథకం కింద క్రమం తప్పకుండా, బకాయి లేకుండా బతికినవాడు బోర్డులు రాసే పెయింటర్.

ఇప్పుడు సిస్టర్ దగ్గరికి వద్దాం.

ఆమె చిన్నమ్మ చేతికి పట్టీ కట్టి బీపీ చూసింది. ఒక్క నిమిషం. రిజిస్టరులో రాసింది. ట్యాబు తీసి ఒక యాప్‌లో అదే అంకె కొట్టింది. ఇంకో యాప్ తెరిచి మళ్ళీ అదే అంకె కొట్టింది. అది ఫోటో అడిగింది. చిన్నమ్మ జుట్టు సర్దుకుంది. ఫోటో ఎక్కలేదు, సిగ్నల్ లేదు. సిస్టర్ కిటికీ దగ్గరికి పోయి చెయ్యి పైకెత్తి నిలబడింది. "అన్నా, చూసేది ఒక నిమిషం, ఎక్కించేది ఆరు నిమిషాలు. ఎక్కించకపోతే చూడనట్టే లెక్క," అంది. పొద్దున ఫోను తన ముఖాన్ని గుర్తుపడితేనే తను డ్యూటీకి వచ్చినట్టట. సాయంత్రం ఎక్కని పేర్లన్నీ ఇంట్లో కూర్చుని ఎక్కిస్తుంది. పిల్లలకు అన్నం పెట్టేది ఏ యాప్‌లోనూ లేదు.

ఇదేనా మీరు కనిపెట్టింది? ఒక మనిషి చేసే పనికి ఇంకో మూడు పనులు తగిలించి, దానికి కొత్త పేరు పెట్టి, రాజధానిలో పెద్ద తెర మీద పచ్చ గీత పైకి పోతోందని చూపించుకోవడమా? ఆ గీత పైకి పోయేది సిస్టర్ నిద్ర తిని. మా చిన్నమ్మ లాంటి వాళ్ళ కూలి తిని.

లెక్క వేయండి. పది రోజులకు మాత్రలిస్తే నెలకు మూడు సార్లు రావాలి. ఏడాదికి ముప్పై ఆరు సార్లు. ఒక్కోసారికి ఆరు క్యూలు, అంటే రెండు వందల పదహారు క్యూలు. రెండు ఆవులను పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి రావాలి, ఆటోకు పెట్టుకోవాలి. ఎన్నిసార్లని వస్తుంది? నాలుగోసారి రాదు. మాత్రలు ఆగిపోతాయి. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చూపు మసకబారుతుంది, ఒకరోజు పక్షవాతంతో మూతి పక్కకు పోతుంది. అప్పుడు రికార్డులో ఏం రాస్తారో తెలుసా? ‘రోగి మందులు సరిగా వాడలేదు.’ మాత్రలివ్వనిది మీరు, వాడనిది ఆమె!

ఇదేమన్నా రాకెట్ తయారుచేయడమా? 2017లో తెలంగాణతో సహా 5 రాష్ట్రాల్లో బీపీ అదుపు కార్యక్రమం ఒకటి మొదలుపెట్టారు. అందులో గొప్ప రహస్యాలేమీ లేవు. డాక్టరుకొక రకంగా కాకుండా అందరికీ ఒకే మందుల వరుస, నెలకు సరిపడా మాత్రలు, రాని వాళ్ళను సిస్టర్లే వెతికి పిలవడం. ఆ పద్ధతి ఒక్కో జిల్లా దాటుకుంటూ ఎన్నో రాష్ట్రాలకు పాకింది, 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా ఇచ్చింది. అంటే ముప్పై మాత్రలు ఒకేసారి ఇవ్వడం అనేది ప్రపంచం మెచ్చిన ఆవిష్కరణ. దానికి ముసుగు తీయడానికి ఏమీ ఉండదు కాబట్టి మన వాళ్ళకు పట్టలేదేమో.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి, ఎక్కించడానికి సెలైన్ చాలకపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టించారు. రోగుల బంధువులే కప్పులతో తాగించారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. డ్రమ్ముకు ఓటీపీ లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ఎన్నో రాష్ట్రాలకు పోయింది. అది పోయింది నంబరు వల్ల కాదు. ఆ నంబరు వెనక రాత్రీ పగలూ మెలకువగా ఉండే డ్రైవరు, టెక్నీషియను, ట్యాంకులో డీజిలు ఉన్నాయి కాబట్టి.

అవి లేనప్పుడు ఏమవుతుందో తిరుపతి చూసింది. 2022 ఏప్రిల్‌లో ఒక తండ్రి పదేళ్ళ కొడుకు శవాన్ని బైకు మీద పెట్టుకుని 90 కిలోమీటర్లు పోయాడు, ప్రైవేటు అంబులెన్సు వాళ్ళు వేలకు వేలు అడిగితే. శవాలను ఉచితంగా ఇల్లు చేర్చే మహాప్రస్థానం పథకం అప్పటికే రాష్ట్రంలో ఉంది. పథకం ఉంది, ఆ తండ్రికి బండి లేదు. ఆ బైకు ముందు ఏ ఫ్లెక్సీ కడతారో కట్టండి, చూస్తాను.

సరే. నాకు కూడా బీపీ పెరిగింది, నేనూ పోయి ఆ ఆరు క్యూలూ నిలబడాలి.

గురువారం సాయంత్రం బెంగళూరు నుంచి చిన్నోడు ఫోను చేశాడు. మధ్యాహ్నం గాఢనిద్రలో ఉండగా ఏదో రికార్డు చేసిన గొంతు కాల్ చేసిందట. ‘ఇటీవల మీరు ప్రభుత్వ ఆసుపత్రిలో పొందిన సేవలతో సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి.’

"నువ్వేం నొక్కినావురా?"

"ఒకటి నొక్కితే కట్టయిపోతాదేమోనని నొక్కినా అన్నా. కట్టయింది. మళ్ళా పడుకున్నా."