గ్రహణం టైము ఒక్కటే, చంద్రోదయమే ఊరికొకటి

చంద్రగ్రహణం వస్తోందంటే ఒడిశాలోని బరంపురం తెలుగిళ్లలో టైము మీద వాదన మొదలవుతుంది. హైదరాబాద్ ఛానెల్లో పంతులుగారు ఒకటి చెబుతారు, భువనేశ్వర్ ఛానెల్ ఇంకొకటి చెబుతుంది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలోనూ ఇదే టెన్షన్. పట్టు స్నానం ఎప్పుడు చేయాలి, పొయ్యి ఎప్పుడు వెలిగించాలి, ఎవరి మాట వినాలి?

నిజానికి ఇందులో తగాదా పడాల్సిందేమీ లేదు. సూర్యగ్రహణమైతే చంద్రుడి నీడ భూమి మీద ఒక చోటునుంచి మరో చోటికి జరుగుతూ పోతుంది కాబట్టి ఊరూరికీ టైము మారుతుంది. చంద్రగ్రహణం అలా కాదు. భూమి నీడ పడేది చంద్రుడి మీదే. స్పర్శ (నీడ తాకడం) అయినా, మోక్షం (నీడ విడవడం) అయినా బరంపురానికీ బొంబాయికీ ఒకే నిమిషంలో జరుగుతుంది. తేడా వచ్చేది చంద్రుడు మన ఊళ్లో ఎప్పుడు పొడుస్తాడన్న దగ్గరే. ఛానెళ్లు ఈ రెండింటినీ కలిపేసి, తమ నగరంలో చంద్రోదయాన్నే 'గ్రహణ సమయం'గా చదివేస్తాయి.

2026 మార్చి 3 నాటి గ్రహణం లెక్కే చూడండి. సంపూర్ణ దశ సాయంత్రం 5.33కే ముగిసింది, మోక్షం 6.47కి. బరంపురంలో చంద్రోదయం దాదాపు 6 గంటలకు. మహారాష్ట్ర సరిహద్దున గడ్చిరోలి జిల్లా సిరోంచలో అది మరో 20 నిమిషాలు ఆలస్యం, హైదరాబాద్‌లో ఇంకాస్త ఆలస్యం. అంటే బరంపురమున్న గంజాం జిల్లా వాళ్ల వాటాకు ముప్పావుగంటకు పైగా గ్రహణం వస్తే, సిరోంచ తెలుగువాళ్లకు వచ్చింది అరగంటే. హైదరాబాద్ టైము నమ్ముకుని బరంపురంలో మేడ ఎక్కినవాళ్లు మొదటి 20 నిమిషాలూ పోగొట్టుకున్నట్టే. పైగా ఇది తూర్పున దిగంతం తేటగా ఉన్నచోటి లెక్క. గోపాలపూర్ ఒడ్డున సముద్రంలోంచి పొడిచే చంద్రుడు, తూర్పున కొండ అడ్డున్న గజపతి, రాయగడ పల్లెలకు ఇంకా ఆలస్యంగా కనిపిస్తాడు. అది ఏ క్యాలెండర్లోనూ ఉండదు, ఊరివాళ్లే చూసుకోవాలి.

ఇక గ్రహణాలు మళ్లీ మళ్లీ రావడం సంగతి. చంద్రుడి దారి భూమి దారికి 5 డిగ్రీలకు కాస్త ఎక్కువ వాలి ఉంటుంది, అందుకే ప్రతి పున్నమికీ గ్రహణం పట్టదు. ఆ రెండు దారులూ కోసుకునే చోట్లే రాహుకేతువులు. పున్నమి వాటి దగ్గర్లో పడాలి. 223 చాంద్రమాసాలు గడిచేసరికి పున్నమి, రాహుకేతువుల స్థానం, చంద్రుడి దూరం మూడూ దాదాపు పాత పొంతనకే వస్తాయి. అది 6585 రోజుల 8 గంటలు, సుమారు 18 ఏళ్ల 11 రోజులు. బాబిలోనియా వాళ్లు కనిపెట్టిన ఈ చక్రాన్ని ఇప్పుడు సారోస్ అంటున్నారు.

పేచీ అంతా ఆ 8 గంటలతోనే. ఈలోగా భూమి మూడోవంతు అదనంగా తిరుగుతుంది కాబట్టి 18 ఏళ్ల కిందట మనకు రాత్రి కనిపించిన గ్రహణం ఈసారి మన పగటిపూట పడొచ్చు. మూడు చక్రాలు, అంటే 54 ఏళ్ల మీద నెలా చిల్లర గడిస్తేగాని అది ఇంచుమించు అదే వేళకు రాదు. 1974 నవంబర్ 29, కార్తీక పున్నమి రాత్రి మనకు సంపూర్ణ చంద్రగ్రహణం. అదే వరసలో 1992లో వచ్చింది డిసెంబర్ 10 తెల్లవారుజామున. 2010 డిసెంబర్ 21న వచ్చింది మనకు మధ్యాహ్నం, ఎవరూ చూడలేదు. నాలుగోది 2028 డిసెంబర్ 31న, మళ్లీ రాత్రిపూటే.

చక్రం లెక్కను తెస్తుంది కానీ రంగును తేదు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి ధూళి వాతావరణం పై పొరల్లోకి చేరింది. దాంతో 1992 డిసెంబర్ గ్రహణంలో రాగి రంగులో కనబడాల్సిన చంద్రుడు నల్లబారిపోయాడు. భూమి గాలిపొర గుండా వంగి వెళ్లే ఎర్రటి వెలుగే ఆ రాగి రంగు. గాలిలో మసి, ధూళి పెరిగితే ఆ వెలుగు చంద్రుడిదాకా చేరదు. ఈ నల్లదనాన్నీ ఎరుపునీ 0 నుంచి 4 దాకా అంచనా కట్టే డాంజాన్ కొలత ఉంది, దానికి కావలసింది కళ్లు మాత్రమే. ఒడిశావాడే అయిన పఠాణి సామంత 19వ శతాబ్దంలో దుర్భిణీ లేకుండా, వెదురుతో కర్రతో తానే చేసుకున్న పరికరాలతో ఆకాశాన్ని కొలిచాడు. మనకిప్పుడు చేతిలో ఫోనుంది, దాన్లో సెకన్లతో సహా టైముంది.

2028లో జూలై 6 రాత్రి కూడా పాక్షిక గ్రహణం ఉంది. కానీ ఒడిశాలో జూలై అంటే మబ్బులే, దాని మీద ఆశ పెట్టుకోకండి. డిసెంబర్ 31 సంగతి వేరు. చలికాలం, వానాకాలం కాదు, చంద్రుడు బాగా పైకెక్కి ఉంటాడు. స్పర్శ రాత్రి 8.37, సంపూర్ణం సుమారు 9.46 నుంచి 10.58 దాకా, మోక్షం 12.06. ఎవరి ఊళ్లోనైనా ఇవే టైములు, చంద్రోదయం గొడవ లేదు. సూర్యగ్రహణానికిలా ప్రత్యేక కళ్లద్దాలేవీ అక్కర్లేదు. 10x50 బైనాక్యులర్ ఉంటే చాలు, నీడ అంచు గుండ్రంగా ఒక్కో మచ్చనూ మింగుతూ పోవడం కనబడుతుంది. ఏ మచ్చ ఎన్ని గంటలకు మునిగిందో రాసి పెట్టుకోవచ్చు. సంపూర్ణానికి పది నిమిషాల ముందు మాత్రం బైనాక్యులర్ దించి చుట్టూ చూడండి. వెన్నెల్లో కనబడని చుక్కలు ఒక్కొక్కటే తేలతాయి, మృగశిర, ఆర్ద్ర పక్కనే ఉంటాయి. ఫోనుతో ఫొటో తీయాలంటే గోడకు ఆనించి టైమర్ పెట్టాలి, చేత్తో తీస్తే ఎర్రటి చుక్కే మిగులుతుంది.

స్నానం, దర్భలు ఎవరిష్టం వాళ్లది, దాని మీద నాకు పేచీ లేదు. కానీ గర్భిణిని కదలనీయకుండా, గ్రహణానికి తొమ్మిది గంటల ముందునుంచే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా కూర్చోబెట్టడం దండగ. భూమి నీడ చంద్రుడి మీద పడుతోంది, ఆమె మీద కాదు. ఆ రోజు ఆవిడకూ మేడ మీద ఒక కుర్చీ వేయండి. ఈ వరసలో తర్వాతది 2047 జనవరి 12 తెల్లవారుజామున, బరంపురంలో చంద్రుడు గ్రహణం విడవకుండానే అస్తమించేస్తాడు.