పశువుల పోస్టుమార్టం డాక్టరు అవుదామనుకునే బైపీసీ పిల్లలకి

బైపీసీ పిల్లలందరికీ నీట్ పిచ్చి పట్టిన ఈ రోజుల్లో ఎవరూ చెప్పని ఓ గొప్ప కెరీర్ ఉంది, వెటర్నరీ ఫోరెన్సిక్ పాథాలజిస్టు. జంతువు ఎందుకు చచ్చిందో కోసి చూసి కోర్టుకి చెప్పే డాక్టరన్నమాట. గన్నవరంలోనో తిరుపతిలోనో అయిదున్నరేళ్ళు బీవీఎస్సీ, ఆపైన పాథాలజీలో ఎంవీఎస్సీ, ఇంత చదివి మన కోనసీమకొస్తే మీకన్నా ముందే రిపోర్టు రెడీగా ఉంటది, టీ కొట్టు దగ్గర.

గేదె చచ్చిందనుకోండి. దిష్టంటారొకరు, పక్కింటోళ్ళు మందెట్టారంటారు ఇంకొకరు, గేదె ఆసామి మాత్రం పిడుగే అంటాడు, ఎందుకంటే సర్కారు పరిహారం వచ్చేది దానికే. "ఆయ్, రాత్రి గట్టిగా ఉరిమిందండి, రాసెయ్యండి డాక్టరు గారూ." పిడుగు పడ్డ పశువు మేస్తూ మేస్తూనే పడిపోద్ది కాబట్టి నోట్లో గడ్డి నోట్లోనే ఉండొచ్చని పుస్తకాల్లో ఉంది, ఈ సంగతి ఊళ్ళోకి ఎలా పాకిందో గానీ మబ్బు లేని రోజు చచ్చిన గేదెకి కూడా నోటినిండా పచ్చగడ్డే, అదీ ఒక్క పోచ నమలకుండా. తీరా కోస్తే పొట్టలోంచి ఇనప తీగ ముక్క గుండె దాకా దిగి చుట్టూ చీము. తీగ అని రాశారా, ఆసామికి మీరే హంతకులు.

పైగా మన ఉక్కకి శవం కొన్ని గంటల్లోనే ఉబ్బుద్ది. బతికుండగా ఉబ్బి చచ్చిందా, చచ్చాక ఉబ్బిందా? అన్నవాహిక మెడ దగ్గర ఎర్రగా, రొమ్ములోకెళ్ళాక పాలిపోయి ఉంటే బతికుండగానే అని. ఇంత సైన్సు మీరు చెబుతుంటే ఇన్సూరెన్సు ఆయన వినేది ఒకటే, చెవికి ట్యాగ్ ఉందా లేదా. ట్యాగ్ లేకపోతే ఆయన లెక్కలో అసలు గేదే చావలేదు.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాలవలకి నీళ్ళిచ్చింది పంటల కోసమని అందరూ అనుకుంటారు, మా ఊళ్ళల్లో దాని వాడకం వేరు. చచ్చిన పశువుని ఈ ఊరోళ్ళు గెడతో పొరుగూరికి తోస్తారు, వాళ్ళు ఆ కింద ఊరికి, అలా నాలుగు పోలీస్ స్టేషన్లు దాటాక కూడా అది ఏ స్టేషన్‌దీ కాదు. ఘటనా స్థలం అనే గడిలో ఏం రాస్తారో మీ ఇష్టం.

అంతర్వేది ఒడ్డున తాబేళ్ళ సంగతి ఇంకా సులువు, వలలో ఇరుక్కుని గాలికి పైకి రాలేక ఊపిరాడక చస్తాయని మీరు చెప్తే, నీళ్ళలో ఉండేది నీళ్ళలో ఎలా మునుగుద్దండీ అంటారు, కేసు క్లోజు.

మీ అసలు సీజను మాత్రం సంక్రాంతి. విషం పరీక్షకి పంపే అవయవాల్ని చిక్కటి ఉప్పు నీళ్ళలో పెట్టాలి, మైక్రోస్కోపు కిందకైతే ఫార్మలిన్‌లో. మన దగ్గర పందెంలో ఓడిన కోడిని, అదే కోజని, కూడా ఉప్పులోనే పెడతారు, దాంతోపాటు కారం, అల్లం వెల్లుల్లి ముద్ద. పందెం కోజ రుచే వేరు కదా, పోలీసులు వచ్చేసరికి కోర్టుకి చూపించాల్సిన ఎగ్జిబిటు విస్తట్లో ఉంటది.

పరాయి కుక్కని కావాలని చంపితే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 325 కింద అయిదేళ్ళ దాకా జైలు. పందెం కోడికి మాత్రం మామూలుగా 1960 నాటి జంతుహింస చట్టం, మొదటిసారైతే 10 నించి 50 రూపాయల జరిమానా, లక్షల్లో పందేలు కాసే మనిషికి అంత చిల్లర ఎక్కణ్ణించి తెమ్మంటారు పాపం.

అయినా కేసు కోర్టుకెక్కిందనుకుందాం. పొడిచింది కోడి, పోయింది కోడి, మధ్యలో నా క్లయింటుకేం సంబంధం అంటాడు లాయరు గారు. గాయం అంచులు నున్నగా తెగాయండి, కోడికాలికి ఉక్కు కత్తి దానంతటది మొలవదండి అని మీరు చెప్తారు. జడ్జి గారు రాసుకుంటారు. ముద్దాయి యాభై కాగితం కట్టేసి బయట వరండాలో మీకు వంగి దణ్ణం పెట్టి, "భలే చెప్పారండి డాక్టరు గారూ, వచ్చే పండక్కి మా బరికి రావాలండి, ముందు వరసలో కుర్చీ వేయిస్తాను" అని మీ ఫోన్ నంబరు తీసుకుంటాడు.