క్లాట్ రాయాల్సింది నాన్నలే

దేశంలో న్యాయవిద్య బాగుపడాలంటే చేయాల్సిన పని ఒక్కటే. లా యూనివర్సిటీల్లో సీటు కోసం రాసే క్లాట్ పరీక్షను పదిహేడేళ్ల పిల్లలకు తప్పించి వాళ్ల నాన్నలకు పెట్టాలి. ఇది తొందరపడి అంటున్న మాట కాదు. బెంగళూరు మారతహళ్లిలోని మా రెండు పడగ్గదుల ఫ్లాటులో, డైనింగ్ టేబుల్‌కు ఒక చివర మా అమ్మాయి మాక్ టెస్టులు రాస్తుంటే, రెండో చివర చల్లారిన ఉప్మా ముందు ఏడాదిపాటు కూర్చుని, అన్నివైపుల నుంచీ ఆలోచించి అంటున్నాను.

ఇందుకు నిబంధనలేవీ అడ్డు రావు. ఐదేళ్ల లా కోర్సు కోసం రాసే క్లాట్‌కు గరిష్ఠ వయసంటూ లేదు. ఇంటర్‌లో 45 శాతం ఉంటే చాలు, ఎస్సీ ఎస్టీలకైతే 40. నాకెంత వచ్చిందన్నది ఇక్కడ అప్రస్తుతం, గట్టెక్కాను. దరఖాస్తు ఫీజు 4,000 రూపాయలు ఎలాగూ నా ఖాతాలోంచే పోతుంది. తప్పు జవాబుకు పావు మార్కు కోత, అంటే నాలుగు తప్పులు కలిస్తే గానీ ఒక మార్కు పోదు. పెళ్లయి ఇరవై ఏళ్లయిన మగవాడికి ఇదేం లెక్క! మా ఇంట్లో ఒక్క తప్పు నలభై ఒప్పుల్ని మింగేస్తుంది.

పరీక్ష వేళ కూడా మనకోసం పెట్టినట్టే ఉంటుంది. డిసెంబరులో ఒక ఆదివారం, మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా. ఆదివారం కోడికూరతో భోంచేసిన ఆంధ్రుడు ఆ రెండు గంటలూ ఏ స్థితిలో ఉంటాడో వేరే చెప్పక్కర్లేదు. ఆ వేళప్పుడు, ఒక్కోటి 450 పదాల దాకా సాగే ఇంగ్లీషు ప్యాసేజీలు చదువుతూ, 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించి, ఒక్కసారైనా తల వాల్చకుండా బయటికి వచ్చాడంటే, మధ్యాహ్నం పూట కోర్టులో బెంచి మీద కూర్చోవడానికి వాణ్ని మించిన అర్హుడు దొరకడు.

అన్నిటికన్నా బలమైన ఆధారం లీగల్ రీజనింగ్. పేపర్లోని ఈ విభాగానికి చట్టం తెలిసి ఉండక్కర్లేదని, పరీక్ష పెట్టే లా యూనివర్సిటీల కన్సార్టియం వారే చెబుతారు. ప్యాసేజీలో ఇచ్చిన సూత్రాన్ని, ఇచ్చిన సంగతులకు పట్టించి జవాబు చెప్పాలి, అంతే. నాకిది మొదట నమ్మబుద్ధి కాలేదు. దసరాకు మా బావమరిది వచ్చాక నమ్మాను.

మా బావమరిది ఒంగోలులో ప్లీడరు. ఇరవై ఎనిమిదేళ్ల ప్రాక్టీసు. పొలం గట్టు తగాదాలో ఆయన వేసిన ఇంజంక్షన్ పిటిషన్‌ను కదిలించడం ఎవరితరమూ కాదంటారు. మేనకోడలి పుస్తకం చూసి, "ఏదీ, నాకో నాలుగు ప్రశ్నలియ్యి" అన్నాడు. అది పది అడిగింది. మొదటి దాంట్లో సూత్రం ఏమిటంటే, అనుమతి లేకుండా ఒకరి స్థలంలో అడుగు పెడితే అది అతిక్రమణే, ఎందుకు పెట్టావన్నదానితో పని లేదు. సంగతేమో, ఒకాయన వీధికుక్క వెంటబడితే పక్కింటి గోడ దూకాడు.

"తప్పు లేదు," అన్నాడు మా బావమరిది. "ప్రాణం మీదికొచ్చినప్పుడు దూకాడు. ఏ జడ్జీ శిక్ష వెయ్యడు."

"తప్పు మామయ్యా. ఎందుకు దూకాడన్నదానితో పని లేదని ప్యాసేజీలో ఉందిగా."

"ప్యాసేజీ సంగతి సరేనే, చట్టం అలా లేదే!"

"చట్టం మనకు తెలియకూడదు మామయ్యా."

ఆయన కళ్లద్దాలు తీసి పైకండువాతో తుడుచుకున్నాడు. పదికి నాలుగొచ్చాయి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా కోర్టు మెట్లెక్కని మా ఆవిడకు ఎనిమిదొచ్చాయి. మర్నాడు పొద్దున్నే వాయిదా ఉందని చెప్పి ఆయన ఒంగోలు వెళ్లిపోయాడు. దసరా సెలవుల్లో వాయిదా ఏమిటని ఎవరమూ అడగలేదు.

కాబట్టి ఈ పరీక్షకు కావాల్సింది చట్టం తెలియకపోవడం, తెలియకపోయినా గట్టిగా వాదించడం. ఈ రెండూ నాన్నల దగ్గర ఉన్నంత పుష్కలంగా ఇంకెవరి దగ్గరున్నాయి? కరెంట్ అఫైర్స్ గురించి అసలు చెప్పనే అక్కర్లేదు. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నాకు తెలియని అంతర్జాతీయ ఒప్పందం లేదు. కాకపోతే నాకు తెలిసిన జవాబులు ఆప్షన్లలో ఉండవు. అది పేపరు తయారుచేసే వాళ్లు చూసుకోవాలి.

ఇక అసలు పరీక్ష పరీక్షహాల్లో ఉండదు, దరఖాస్తులో ఉంటుంది. నాగరభావిలో ఉన్న నేషనల్ లా స్కూల్‌లో 25 శాతం సీట్లు కర్ణాటక విద్యార్థులకు. మాతృభాష ఏదని అడగరు, కన్నడంలో 'స్వల్ప అడ్జస్ట్ మాడి' (కొంచెం సర్దుకోండి) దాటి ఇంకేమైనా వచ్చా అని కూడా అడగరు. ఈ రాష్ట్రంలోని గుర్తింపు ఉన్న విద్యాసంస్థల్లో పదేళ్లకు తక్కువ కాకుండా చదివి ఉండాలి. ఇది సూత్రం. సంగతులు వినండి. మా అమ్మాయి ఒకటి నుంచి మూడు దాకా బెంగళూరులో చదివింది. నాలుగూ ఐదూ హైదరాబాదులో, నా ప్రాజెక్టు పుణ్యమా అని. ఆరు నుంచి పన్నెండు దాకా మళ్లీ ఇక్కడే. మూడూ ఏడూ పది. హమ్మయ్య అనుకునేలోపు మా ఆవిడ గుర్తుచేసింది: ఏడో తరగతి 2020లో వచ్చింది. ఆ ఏడంతా పిల్ల ఒంగోలులో అమ్మమ్మ వసారాలో, నులక మంచం మీద ఫోను పెట్టుకుని చదివింది.

ఇప్పుడు చెప్పండి, అమ్మమ్మ వసారా కర్ణాటకలో ఉన్నట్టా, ఆంధ్రలో ఉన్నట్టా?

దీనిమీద మా ఇంట్లో మూడు రాత్రులు వాదనలు జరిగాయి. సిగ్నల్ కోసం మధ్యమధ్య మేడెక్కేది కాబట్టి మేడమీది చదువును విడిగా లెక్కించాలా అన్న ఉపప్రశ్న కూడా వచ్చింది. చివరికి తీర్పు మా ఆవిడ చెప్పింది. "బడి ఎక్కడుంటే చదువక్కడే. అయినా ఆ ఏడు వాళ్లు బస్సు ఫీజు కూడా కట్టించుకున్నారండీ. కట్టాం కాబట్టి పిల్ల రోజూ బస్సెక్కినట్టే లెక్క." ఇంత పదునైన తర్కం నేను ఏ ఆన్సర్ కీలోనూ చూడలేదు. తీర్పు చివర్లో, అడగకపోయినా, ఒక వ్యాఖ్య కూడా జోడించింది: "మీ హైదరాబాదు ప్రాజెక్టే లేకపోతే పన్నెండేళ్లు నిండేవి, ఈ గొడవే ఉండేది కాదు."

అందరిలాగే మేమూ ఒక ఆదివారం నాగరభావి వెళ్లి ఆ గేటు చూసొచ్చాం. పరీక్షకు ముందు తిరుపతి వెళ్లొచ్చినట్టు, ఇదొక మొక్కు. మారతహళ్లీ నాగరభావీ రెండూ ఔటర్ రింగ్ రోడ్డు మీదే ఉన్నాయి గానీ, ఒకటి ఊరికి తూర్పున, ఒకటి పడమటన. హెబ్బాళ మీదుగా వెళ్లినా, సిల్క్ బోర్డు మీదుగా వెళ్లినా పడేది సగం చుట్టే. వెళ్లేటప్పుడు ఒక సగం, వచ్చేటప్పుడు ఇంకో సగం వేశాం, ప్రదక్షిణ పూర్తయింది. దారిలో మా అమ్మాయికి నేను, మాధవ మీనన్ గారు ఈ స్కూలు పెట్టి 1988లో తొలి బ్యాచ్ మొదలెట్టడం, ఐదేళ్ల లా చదువుకు అక్కడి నుంచే పేరు రావడం, 2008లో ఏడు యూనివర్సిటీలు కలిసి క్లాట్ పెట్టడం, అంతా వివరించాను. అది ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉందని సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు తెలిసింది. అక్కడ తీరిగ్గా అన్నీ తెలుస్తాయి.

న్యాయవ్యవస్థ ఎలా నడుస్తుందో పిల్లలకు నేర్పడంలో మాత్రం ఈ పరీక్షకు సాటి లేదని ఒప్పుకోవాలి. 2020లో నేషనల్ లా స్కూల్ క్లాట్‌ను పక్కనపెట్టి సొంతంగా ఒక పరీక్ష పెట్టుకుంటే, సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 డిసెంబరులో జరిగిన పరీక్షకు సరైన జవాబులేవో తేలడానికి ఢిల్లీ హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు కావాల్సివచ్చాయి, అప్పటికి మే నెల వచ్చింది. పరీక్షకు రెండు గంటలు, జవాబుకు ఐదు నెలలు. ఇంతకన్నా మంచి ప్రాక్టికల్ క్లాసు ఎవరు చెప్పగలరు? సీటు రాకముందే కక్షిదారు అయిపోవచ్చు.

క్లాట్ దెబ్బతింటే ఉండనీ అని ఒక ప్రైవేటు యూనివర్సిటీకి కూడా దరఖాస్తు పెట్టాం. వాళ్లు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అడిగారు, లా ఎందుకు చదవాలనుకుంటున్నావో 500 పదాల్లో రాయమని. మా అమ్మాయి ఒక వాక్యం రాసింది: "వాదించడం ఇష్టం కాబట్టి." నిజమే గానీ, మిగిలిన పదాలు ఎవరు నింపాలి? ఆ రాత్రి నేను కూర్చున్నాను. "బాల్యం నుంచీ అన్యాయాన్ని సహించలేని నేను" అని ఎత్తుకున్నాను. ఏ అన్యాయం? శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ సీటు తమ్ముడికి ఇచ్చామని గూడూరు దాకా ఏడ్చింది. అదే రాశాను, కొంచెం గంభీరంగా: "ప్రజారవాణాలో వనరుల పంపిణీ, లింగవివక్ష." మా అమ్మాయి చదివి, "నాన్నా, నీకు లా బాగా సెట్టవుతుంది" అని పడుకోవడానికి వెళ్లిపోయింది. ఈ వ్యాసం అక్కడే పుట్టింది.

ఆ మాట పట్టుకుని నా పేరుతో రిజిస్ట్రేషన్ మొదలెట్టాను. అటక మీంచి ఇంటర్ మార్కుల లిస్టు దించాను, తెల్ల గోడ ముందు నిలబడి ఫొటో తీసుకున్నాను. ఓటీపీ మాత్రం మా అమ్మాయి ఫోనుకు పోయింది, పాత అలవాటుకొద్దీ దాని నంబరే కొట్టినట్టున్నాను. కళ్లు నులుముకుంటూ వచ్చి, నా వెనక నిలబడి స్క్రీన్ చదివింది.

"నాన్నా, కర్ణాటక స్టూడెంట్ అని టిక్ పెట్టావేంటి? నువ్వు చదివిందంతా ఒంగోలులోనేగా?"

"ఏళ్ల తరబడి రోజూ రానూపోనూ మూడు గంటలు ఈ రింగ్ రోడ్డు మీదే ఉన్నానమ్మా. అది చదువు కిందకు రాదా?"

అది కుర్చీ లాక్కుని కూర్చుంది. "గుర్తింపు ఉన్న సంస్థ అని రాసుంది చూడు," అంది. "రింగ్ రోడ్డుకు గుర్తింపు ఎవరిచ్చారు?"