ల్యాప్‌టాప్‌కి వడదెబ్బ

మే నెల, విజయవాడ, మధ్యాహ్నం రెండు గంటలు. గదిలో 38 డిగ్రీలు. మంచం మీద బొంత, బొంత మీద దిండు, దిండు మీద గేమింగ్ ల్యాప్‌టాప్, దాని ముందు బోర్లా పడుకున్న బీటెక్ కుర్రాడు. ల్యాప్‌టాప్ ఫ్యాన్లు పిండిమరలా మోగుతున్నాయి. ఆట మొదలైన పది నిమిషాలకి సెకనుకి 60 ఫ్రేములు కాస్తా 18 అయ్యాయి. శత్రువు మీదికి ఉరకాల్సిన సైనికుడు పెళ్ళి వీడియోలో స్లో మోషన్‌లో నడిచొచ్చే పెళ్ళికొడుకులా తేలుతున్నాడు. ఇంకో ఐదు నిమిషాలకి తెర నల్లబడింది.

"పోయింది!" అన్నాడు కుర్రాడు.

"కరెంటా?" అంది వంటింట్లోంచి వాళ్ళమ్మ.

పోయింది కరెంటూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. లోపల ఆట బొమ్మలు గీసే చిప్పు, అంటే జీపీయూ, తన ప్రాణం తాను కాపాడుకుంది. ల్యాప్‌టాపుల్లో వచ్చే ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ చిప్పుల్లో చాలావాటికి 87 డిగ్రీల దగ్గర గీత గీసి ఉంటుంది. వేడి ఆ గీత దగ్గరికి రాగానే చిప్పు క్లాకు, అంటే తన పని వేగం, తగ్గించుకుంటుంది. ఎండ ముదిరితే కూలీలు పార కింద పెట్టి చెట్టు నీడకి చేరతారు కదా, అలాగే. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి దిగకపోతే బోర్డు ఎవర్నీ అడక్కుండా కరెంటు కోసేస్తుంది.

ఇంతలో మావయ్య వచ్చాడు. ఆ ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె, టేబుల్ ఫ్యాను బాగుచేసిన చరిత్ర ఆయనది. టేబుల్ ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది, కాకపోతే వెనక్కి.

ఆయన కీబోర్డు మీద అరచెయ్యి పెట్టి, "జ్వరం ఉందిరా" అన్నాడు.

"ఫ్రిజ్‌లో ఓ గంట పెట్టరాదూ" అంది అమ్మ. వద్దు. వేడి బోర్డుని చల్లటి చోట పెట్టి మళ్ళీ బయటికి తీస్తే, చల్లటి మంచినీళ్ళ సీసాకి పట్టినట్టే లోపల చెమ్మ పడుతుంది. కానీ ఆ ఫ్రిజ్‌ని మర్చిపోకండి, తర్వాత దాంతో పనుంది.

చెయ్యి పెట్టి చూసే జ్వరం కాదిది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనో జీపీయూ-జెడ్ అనో ఉచితంగా దొరికే థర్మామీటర్లున్నాయి. అందులో మూడు అంకెలు చూడాలి: జీపీయూ ఉష్ణోగ్రత, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), ఫ్యాను వేగం. మామూలు ఉష్ణోగ్రతకీ హాట్‌స్పాట్‌కీ మధ్య 10, 15 డిగ్రీల తేడా ఉంటే సంసారం సజావుగా ఉన్నట్టు. 20 దాటితే చిప్పుకీ దాని వేడిని లాక్కునే రాగి పలకకీ మధ్య మాటల్లేవని, అంటే ఆ రెంటి మధ్య వేడిని చేరవేసే పేస్టు ఎండిపోయిందని అనుమానించాలి. తేడా తక్కువగానే ఉండి, రెండూ కలిసి ఎక్కువగా ఉండి, ఫ్యాను మాత్రం గొంతు చించుకుంటుంటే గాలి దారి మూసుకుపోయినట్టు. కుర్రాడి ల్యాప్‌టాప్‌లో 86, 108. ఫ్యాను ఫుల్లు. రెండు రోగాలూ ఉన్నాయన్నమాట.

గది వేడిని కూడా లెక్కలో వేసుకోవాలి. ఫ్యాను గాలితో చల్లారే ఏ యంత్రమూ గది కంటే చల్లబడదు. రెంటచింతలలో ఉన్నవాడు ఊటీలో ఉన్నవాడి రీడింగులు చూసి కుమిలిపోకూడదు.

మావయ్యకి ఈ అంకెలతో పనిలేదు. "మన పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తే దుమ్మంతా ఒక్క దెబ్బకి పోతుంది" అన్నాడు. ఆ గాలి మంచిదే, టైరుకి. కంప్రెసర్ ట్యాంకులో గాలితోపాటు నీటి తుంపర, కాస్త నూనె కూడా ఉంటాయి. బోర్డు మీద ఆ మూడూ కలిపి చల్లడం కంటే పెరుగు పోయడం నయం, కనీసం కనపడుతుంది.

చివరికి పక్కింటివాళ్ళ ఎలక్ట్రిక్ బ్లోయర్ వచ్చింది. మూత విప్పకుండా, వేడి గాలి బయటికొచ్చే కంతలోంచి ఎదురు కొట్టాడు మావయ్య. లోపల ఫ్యాను విమానం లేచినట్టు కూసింది. ఆ కూత విని అందరూ సంబరపడతారు గానీ అది ఏడుపు. ఫ్యాను తనకి రాసిపెట్టిన వేగం కంటే ఎన్నో రెట్లు తిరిగితే బేరింగులు పాడవుతాయి. పైగా మోటార్ని బయటనుంచి తిప్పితే అదే డైనమో అయి బోర్డులోకి వోల్టేజీ ఎదురు పంపగలదు. ఫ్యాను రెక్కని పుల్లతోనో వేలితోనో ఆపి పట్టుకుని, చిన్న చిన్న విడతలుగా కొట్టాలి. విప్పకుండా రెక్కని పట్టుకునేదెలా? అందుకే విప్పాలి.

అయినా ఓ దుమ్ము మేఘం లేచి, డాబా మీదికి తీసుకెళ్ళడానికని పిన్ని పళ్ళెంలో పెట్టిన వడియాల మీద వాలింది. మావయ్య విజయం ప్రకటించాడు. నిజంగానే 86 కాస్తా 82 అయింది. వారం తిరక్కుండా మళ్ళీ 86. ఎదురుగాలి కొడితే దుమ్ము బయటికి రాదు. ఫ్యాను గాలి బయటికెళ్ళే రాగి జాలీ దగ్గర ఉన్నది ఫ్యాను దగ్గరికి జరుగుతుంది, ఫ్యాను తిరగ్గానే మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. అద్దె ఇంట్లో సామాను ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చినట్టు.

మరుసటి ఆదివారం అసలు ఆపరేషను. వారంటీ ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగి సర్వీస్ సెంటరుకి వెళ్ళడం మంచిది. ఈ ల్యాప్‌టాప్‌కి వారంటీ ముగిసి ఏడాదైంది, అంటే మావయ్యకి లైసెన్సు వచ్చింది.

కూరగాయల కత్తి మొనతో స్క్రూలు తీయబోయాడు. కుర్రాడు పీహెచ్ 0 (ప్లస్ గుర్తు మొన ఉన్న చిన్న సైజు) స్క్రూడ్రైవర్ అందించాడు. పీహెచ్ 1 కూడా పక్కన ఉండాలి. స్క్రూ తల ఒకసారి అరిగిందంటే దాన్ని తీయడం సమస్యల్లోకెల్లా జిడ్డు సమస్య. పది స్క్రూలు వచ్చాక కూడా మూత లేవలేదు. "లాగరా" అన్నాడు మావయ్య. లాగకూడదు. లేవని మూత కింద ఇంకా స్క్రూ ఉన్నట్టు, సాధారణంగా రబ్బరు కాళ్ళ కింద. పదకొండోది అక్కడే దొరికింది. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో చుట్టూ టక్ టక్‌మని క్లిప్పులు విప్పుకుంటూ పోవాలి.

ఇక్కడ మావయ్య చేసిన మహాపరాధం ఒకటుంది: స్క్రూలన్నీ ఒకే స్టీలు గిన్నెలో వేశాడు. అవన్నీ ఒకే కులం కాదు. వెనక వరసవి పొడుగు, ముందు వరసవి పొట్టి, మధ్యలో ఒకటి రెండు మరీ పొట్టి. పొడుగుది తీసుకెళ్ళి పొట్టి కన్నంలో బిగిస్తే కీబోర్డు పక్కన మొటిమ లేస్తుంది. ఇంకా బిగిస్తే బోర్డుకే తగులుతుంది. థర్మకోల్ ముక్క మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చుకుంటే సరి. రూపాయి ఖర్చు లేదు. ఎవరూ చెయ్యరు.

మూత తీశాక ముందు బ్యాటరీ. తీగలు పట్టి కాదు, కనెక్టర్‌ని పట్టి మెల్లగా లాగి విడదీయాలి. తర్వాత పవర్ బటన్ ఓ 15 సెకన్లు నొక్కితే లోపల మిగిలిన కాస్త కరెంటూ దిగిపోతుంది. ఈ పని అయ్యేదాకా లోపల ఇనుప పనిముట్టు తగలనివ్వకూడదు.

ఫ్యాను మీద రేకు తీస్తే కనపడింది అసలు దోషి. ఫ్యానుకీ, రాగి జాలీకీ మధ్య బూడిద రంగు దళసరి చాప. బొంత నూలు, దిండు దూది, జుట్టు, అగరొత్తుల పొగ, వీటన్నిటినీ అతికించే జిగురుగా వంటింటి పోపు నూనె ఆవిరి. ట్వీజర్‌తో అంచు పట్టి లాగితే ముక్కలవకుండా మొత్తం ఒకే గుడ్డలా వచ్చింది. ఏడాదిన్నరగా బొంత మీద పడుకున్న ల్యాప్‌టాప్ తనకీ ఒక బొంత నేసుకుంది.

"ఇదేనా! ఇంక మూసెయ్" అన్నాడు మావయ్య. దుమ్ము వరకే రోగమైతే అక్కడ మూసేయొచ్చు. మెత్తటి బ్రష్షుతో రెక్కలు తుడిచి బిగిస్తే పది డిగ్రీలు దిగినా ఆశ్చర్యం లేదు. కానీ ఆ 108 సంగతేమిటి?

హీట్‌సింక్ (రాగి పలక, గొట్టాలు, జాలీ కలిసిన చట్రం) స్క్రూల పక్కన మామూలుగా 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి. బిగించేటప్పుడు ఆ వరసలో, విప్పేటప్పుడు తలకిందులుగా, ఒక్కోటీ కొంచెం కొంచెం. ఒకే మూల పూర్తిగా విప్పేస్తే పలక ఒరిగి, మూతలేని సిలికాన్ చిప్పు అంచు చిట్లే ప్రమాదం ఉంది. పేస్టు గట్టిపడి అతుక్కుంటే పన్ను పీకినట్టు పీకకూడదు. విప్పే ముందు ఐదు నిమిషాలు ల్యాప్‌టాప్ నడిపి ఉంటే పేస్టు మెత్తబడుతుంది. అప్పుడు కాస్త అటూ ఇటూ తిప్పితే అదే ఊడుతుంది. రాగి గొట్టాల్ని మాత్రం వంచకూడదు. వాటిలో దాదాపు గాలి తీసేసిన చోట కొంచెం ద్రవం ఉంటుంది. అది చిప్పు దగ్గర ఆవిరై, జాలీ దగ్గర చల్లబడి, మళ్ళీ వెనక్కి పాకి వస్తుంది. గొట్టం నలిగితే ఆ రాకపోకలు బంద్.

పాత పేస్టు ఎండిన విబూదిలా రాలింది. తుడవడానికి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, పీచు రాలని గుడ్డ కావాలి. పిన్ని నెయిల్ పాలిష్ రిమూవర్ ఇచ్చింది. అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్కుని కూడా తినేస్తుంది. శానిటైజర్ ఇచ్చింది. అందులో నీళ్ళూ జిగురూ మిగిలిపోతాయి. చిప్పు మీద మన ముఖం అద్దంలో కనపడినట్టు కనపడేదాకా తుడవాలి. బ్లేడుతో గీకితే చుట్టూ ఉన్న ఆవగింజంత కెపాసిటర్లు లేచిపోతాయి. మీ పాత పేస్టు వెండిలా మెరుస్తూ పాదరసంలా కదులుతుంటే మాత్రం చెయ్యి పెట్టకండి. అది లిక్విడ్ మెటల్. కరెంటుని పోనిస్తుంది, అల్యూమినియాన్ని తినేస్తుంది. అది తెలిసినవాళ్ళ పని.

"పేస్టు పేస్టే కదా" అని మావయ్య బాత్రూమ్‌లోంచి టూత్‌పేస్టు తెచ్చాడు. నవ్వకండి, మొదటి గంట అది పనిచేస్తుంది కూడా. తడి ఉన్నంతసేపే. ఆ తర్వాత ఎండి, ఇప్పుడు తుడిచిన విబూది కంటే ఘోరంగా తయారవుతుంది. చిప్పు నుంచి పుదీనా వాసన వస్తుంది, అదొక్కటే లాభం.

అసలు పేస్టు తెచ్చాక దోశ మీద వెన్న పెట్టినంత పెట్టాడు. కందిగింజంత చాలు, పెద్ద చిప్పైతే శనగగింజంత. మూతలేని చిప్పు కాబట్టి నాలుగు మూలలకీ పల్చగా పరచాలి. మూల వదిలేస్తే అక్కడే హాట్‌స్పాట్. మరీ పల్చటి పేస్టు ల్యాప్‌టాపులకి పనికిరాదు. చిప్పు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ అది కాస్త కాస్తగా పక్కకి జారిపోతుంది. అందుకే ఈమధ్య చాలామంది పేస్టు బదులు హనీవెల్ వాళ్ళ పీటీఎం 7950 అనే పల్చటి పట్టీ వాడుతున్నారు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, 45 డిగ్రీల ప్రాంతంలో మెత్తబడి గుంటలన్నీ నింపుతుంది. మే నెలలో దానిమీది పల్చటి ప్లాస్టిక్ పొర ఊడిరాక చేతికి చిక్కుపడుతుంది. ఓ పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే సుళువుగా వస్తుంది. చూశారా, అమ్మ మాట!

అంతా బిగించారు. ఆన్ చేశారు. ఫ్యాను తిరగలేదని తెర మీద ఇంగ్లీషులో తిట్టు వచ్చింది. ఫ్యాను తీగ పెట్టడం మర్చిపోయారు. మళ్ళీ పదకొండు స్క్రూలు.

రెండోసారి ఆన్ చేశారు. ఆట తెరవగానే పది సెకన్లలో 93. దుమ్మున్నప్పుడే నయం!

"ఓవెన్‌లో కాల్చాలేమోరా, ఎక్కడో చదివాను" అన్నాడు మావయ్య. ఆయన చదివింది అబద్ధమేం కాదు. 2008 జులైలో ఎన్విడియా తన కొన్ని పాత ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజీలో బలహీనమైన పదార్థం పడిందని ఒప్పుకుని, వారంటీ రిపేర్ల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఆ రోజుల్లో చచ్చిన బోర్డుల్ని ఓవెన్లో కాల్చి బతికించినవాళ్ళున్నారు. కొన్నాళ్ళు బతికి మళ్ళీ చచ్చేవి. కానీ ఇక్కడ చిప్పు చావలేదు, ఆకలితో ఉంది. రాగి పలక దానికి అందడం లేదు.

కారణం మావయ్య జేబులోనే ఉంది. చిప్పు చుట్టూ ఉన్న మెమొరీ చిప్పుల మీద మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఉంటాయి. పాతవి చిరిగాయని ఆయన కొత్తవి తెచ్చాడు. పాతవి 1 మిల్లీమీటరు, కొత్తవి 2. "మందంగా ఉంటే బలం కదా!" ఆ బలానికి హీట్‌సింక్ మొత్తం నాలుగు కాళ్ళ మంచంలా పైకి లేచి, అసలు చిప్పు మీద ఆనీ ఆననట్టు నిలబడింది. పల్చనైతే మెమొరీకి తగలదు, మందమైతే జీపీయూకి తగలదు. నలగని మూలలో పాత ప్యాడ్ మందం కొలిచి, కచ్చితంగా అదే కొనాలి. ఇందులో మేనల్లుడికి మావయ్య పోలికలాంటివి కుదరవు. పైగా ఒక ప్యాడ్‌కి కింది పొర ఊడదీయనేలేదు. కొత్త సోఫాకి కవరు ఉంచుకున్నట్టు.

మూడోసారి. మళ్ళీ పదకొండు స్క్రూలు, ఈసారి పది బిగించాక గిన్నె ఖాళీ. పదకొండోది మావయ్య కూర్చున్న చోట, ఆయన లేచాక దొరికింది.

ల్యాప్‌టాప్‌ని బల్ల మీద పెట్టి, వెనక వైపు రెండు నోటుపుస్తకాలు ఎత్తు పెట్టి, ఫ్రేముల్ని 60కి కట్టేసి ఆట మొదలెట్టాడు కుర్రాడు. అరగంట తర్వాత 74, హాట్‌స్పాట్ 86. ఫ్యాను చప్పుడు పిండిమర నుంచి కుట్టుమిషను స్థాయికి దిగింది.

"మావయ్యా, పాడైనట్టుందే!" అని అరిచాడు కుర్రాడు. "పక్కనుంచి గాలి ఇదివరకటి కంటే వేడిగా వస్తోంది. మౌస్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది."

మావయ్య మళ్ళీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. అమ్మ ఆపింది. "పొయ్యి మీద మూత తీస్తే ఆవిరి బయటికి రాదట్రా?"

అంతే సంగతి. ఇన్నాళ్ళూ లోపలే కాపురం పెట్టిన వేడి ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తోంది. ఆ కంత దగ్గర వేలు పెట్టి చూసిన పిన్ని, చల్లారిపోయిన తన కాఫీ గ్లాసు తెచ్చి అక్కడ పెట్టింది. కుర్రాడు చూసేలోపే మోచెయ్యి తగిలింది.

థర్మకోల్ ముక్క ఎక్కడుందని మావయ్య అడుగుతున్నాడు.