‘మీరు వెళ్లి రండి’ అన్న మాటను నమ్మకండి

విశాఖ రేవులో మా విహార ఓడ ఆగిన ఉదయం మా మేనత్త పై డెక్కు మీద కూర్చొని తన ఊరిని చూసుకుంది. ఒక పక్క డాల్ఫిన్ నోస్, మరో పక్క చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు కొండలు. ఆ దాపులనే, కురుపాం మార్కెట్ దగ్గర, ఆమె పుట్టిల్లు. పెళ్లయి మద్రాసు పెరంబూరులో కాపురం పెట్టిన మనిషి ఆ వీధి చూసి ఇరవై ఏళ్లు దాటింది. మేమంతా బస్సెక్కి కైలాసగిరికి వెళ్లాం. పక్షవాతం వచ్చిన ఆమె కుడికాలు మాత్రం బస్సు మొదటి మెట్టు మీదికి లేవలేదు.

“మీరు వెళ్లి రండి. నాకు ఇక్కడ బాగానే ఉంది” అంది. నమ్మితే మాకు సుఖం కనుక నమ్మాం. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తోంది.

టికెట్లు కొన్నప్పుడు మేము అడిగింది ఒక్కటే: వీల్‌ఛైర్ ఉంటుందా? ఉంటుందన్నారు. ఉంది కూడా, బస్సు తలుపు దాకా తీసుకువెళ్లింది. తప్పు మా ప్రశ్నలో ఉంది. బస్సుకు లిఫ్టు ఉందా, లేకపోతే మెట్టు ఎన్ని అంగుళాలు, దిగాక ఎంత దూరం, నేల రాయా ఇసుకా, మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందా అని అడగాలి. వీటన్నిటికంటే ముందు, ఓడ గట్టుకు ఆనుతుందా, దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో దింపుతుందా అని కనుక్కోవాలి. విదేశాల్లో ఓడలెక్కే మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. గ్రీసులోని శాంతోరిని వంటి చోట ఓడలు లంగరు వేసే ఆగుతాయి. అలలకు ఊగే పడవలోకి సొంతంగా అడుగు వేయలేనివారిని చాలా ఓడలు దింపవు. గట్టుకు ఆనిన చోట కూడా పోటుపాట్లను బట్టి దిగే వంతెన వాలు మారుతుంది. పొద్దున దిగినంత సులువుగా సాయంత్రం ఎక్కలేకపోవచ్చు.

ఇక ఏం చూడాలన్నది. విశాఖ తీరంలోని కురుసుర జలాంతర్గామి లోపల ఇరుకు తలుపులు దాటాలి, కుర్చీ వెళ్లదు. చెన్నైలో దిగే బంధువులను మహాబలిపురం తీసుకువెళ్తాం, రేవు నుంచి దాదాపు 60 కిలోమీటర్లు. పంచ రథాల దగ్గర చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి. అర్జున తపస్సు శిల్పం మాత్రం రోడ్డు పక్కనే ఉంది. హడావిడిగా మూడు చోట్లు తిప్పడం కంటే ఆ ఒక్క శిల్పం ముందు గంటసేపు కుర్చీ నిలపడం మేలంటాను. అందులో తపస్సు చేస్తున్న పిల్లిని వెతికి పట్టుకోవడంలోనే ఎంతో ఆనందం ఉంది.

ఓడవారి టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంత కారు ఆలస్యమైతే ఆగదు. అయినా నేను కారు వైపే. మనిషికి తగిన ఎత్తున్న సీటు, వెనక మడత కుర్చీ, రెండు గంటల ముందే రేవుకు తిరుగు ప్రయాణం.

మెరీనాలో 2022 నవంబరులో వీల్‌ఛైర్ల కోసం 263 మీటర్ల చెక్కబాట వేశారు. మరుసటి నెలలోనే మాండూస్ తుపాను దాన్ని దెబ్బతీస్తే బాగుచేశారు. పోయిన నెల అత్తయ్యను అక్కడికి తీసుకువెళ్లాం. పక్షవాతం వచ్చాక ఆమె అలను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. చీకటి పడుతున్నా కదలలేదు. “ఇంకాసేపు ఉందాం” అంది. ఓడలో అన్న మాటకూ ఈ మాటకూ ఉన్న తేడా అప్పుడు తెలిసింది.

మన సంఘం యాత్రల్లో నడవలేని పెద్దలకు బస్సులో కూర్చొని సామాన్లు చూసే పని అప్పగిస్తున్నాం. దీన్ని నేను ఒప్పుకోను. ఊరు ఖరారు చేసే ముందు అక్కడున్న మనవాళ్లెవరైనా టేపుతో మెట్లు, తలుపులు కొలిచి ఫొటోలు పంపాలి. దారిని ఆ పెద్దల కాళ్లను బట్టి వేయాలి. పరుగెత్తగలవారు ఏ దారినైనా వస్తారు.

ఈసారి అత్తయ్యను రైల్లో విశాఖ తీసుకువెళ్తున్నాను. నిన్న అక్కడున్న మా బావకు ఫోను చేసి ఆ వీధి చూసి రమ్మన్నాను. కారు ఇంటి ముందు దాకా వెళ్తుందట. గుమ్మానికి రెండు మెట్లు, ఒక్కొక్కటి ఏడు అంగుళాలు. చెక్క పలక చేయిస్తున్నాడు.